పాత స్పోర్ట్స్ కారుకు వేరే కొలత టైర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా దగ్గర 1991 మోడల్ మాజ్డా ఎమ్‌ఎక్స్-5 ఉంది. ఇంజన్ 1.6 లీటర్లు. కొన్నప్పటి నుంచి ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాను. ఎత్తు సవరించుకునే వీలున్న కాయిలోవర్ సస్పెన్షన్ వేయించి బండిని సుమారు 40 మి.మీ. కిందికి దించాను. ముందు చక్రాలకు, తర్వాత వచ్చిన 1.8 లీటర్ల మోడల్‌లోని 255 మి.మీ. బ్రేకు డిస్కులు బిగించాను. సైలెన్సరు కూడా మార్చాను. కంపెనీ ఇచ్చిన కొలత 185/60 ఆర్ 14 టైర్లు అరిగిపోయాయి. ఆ కొలతలో మంచి పట్టున్న స్పోర్ట్స్ టైర్లు దొరకడం కష్టంగా ఉంది. మిత్రుడొకరు తన దగ్గర ఖాళీగా ఉన్న 17 అంగుళాల చక్రాలు (వెడల్పు ఏడున్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 35) ఇస్తానంటున్నారు. వాటికి 205/40 ఆర్ 17 టైర్లు సరిపోతాయని, పెద్ద బ్రేకులు వేశాక పెద్ద చక్రాలు తప్పవని ఆయన వాదన. వేయించుకోవచ్చునా? కాకపోతే ఏ కొలత మంచిది?

జవాబు: మిత్రుని చక్రాలు ఆయన దగ్గరే ఉండనివ్వండి. మీ బండికి 15 అంగుళాల చక్రం, దానికి 195/50 ఆర్ 15 టైరు సరైన జోడీ అని నా అభిప్రాయం. ఇది నా ఒక్కడి ఇష్టం కాదు. 1998లో ఇదే కారు రెండో తరం అమ్మకానికి వచ్చినప్పుడు మాజ్డా ఇంజనీర్లే దానికి 15 అంగుళాల చక్రాల మీద ఈ కొలత టైరు ఇచ్చారు. ఆ కారు మీ కారు కన్నా కొంచెం బరువైనదే గాని, దాని సస్పెన్షన్ అమరిక, నాలుగు నట్లు కూర్చునే వృత్తానికి 100 మి.మీ. వ్యాసం, చక్రాల గూడు మీ కారువాటికి చాలా దగ్గరగా ఉంటాయి. మీరు వెతుకుతున్న ప్రశ్నకు ఆ కారు తయారీదారులే ఒకసారి జవాబు రాసి పెట్టారన్నమాట.

లెక్క చూద్దాం. టైరు మీద రాసి ఉండే మొదటి అంకె మి.మీ.లలో దాని వెడల్పు. గీత తర్వాతి అంకె, ఆ వెడల్పులో సైడ్‌వాల్ (రిమ్ముకూ ట్రెడ్డుకూ మధ్య ఉండే టైరు పక్క భాగం) ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరి అంకె రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మీ పాత టైరు 185/60 ఆర్ 14 అంటే 185లో 60 శాతం, అనగా 111 మి.మీ. సైడ్‌వాల్. దాన్ని పైనా కిందా రెండుసార్లు లెక్కపెట్టి, 14 అంగుళాలకు సమానమైన 355.6 మి.మీ. కలిపితే టైరు మొత్తం వ్యాసం సుమారు 578 మి.మీ. వస్తుంది. ఇదే పద్ధతిలో 195/50 ఆర్ 15 వ్యాసం 576 మి.మీ. తేలుతుంది. తేడా అర శాతం కూడా లేదు. 205/40 ఆర్ 17 మాత్రం 596 మి.మీ. వస్తుంది, అంటే పాతదానికన్నా 18 మి.మీ. పెద్దది, మూడు శాతానికి పైగా. చక్రాల గూట్లో ఆ 18లో సగం, 9 మి.మీ., పైకి పోయే చోటు కావాలి. 40 మి.మీ. దించేసిన బండిలో అంత చోటును మీరు ఇప్పటికే వాడుకున్నారు.

వ్యాసం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది సైడ్‌వాల్. 111 మి.మీ. కాస్తా 82 మి.మీ. అయిపోతుంది, నాలుగో వంతుకు మించి పోయినట్లే. గుంత ఎదురైనప్పుడు మొదట వంగేది స్ప్రింగు కాదు, టైరు సైడ్‌వాలే. స్ప్రింగూ షాకాబ్జర్బరూ కదలడానికి క్షణంలో కొంత భాగమైనా పడుతుంది, ఆ లోపల దెబ్బను మింగేది రబ్బరూ దానిలోని గాలీ. మీరు ఇప్పటికే గట్టి స్ప్రింగులు వేశారు. దాని మీద టైరు కూడా గట్టిపడితే, గతుకుల మలుపులో చక్రం నేలను పట్టుకుని సాగడానికి బదులు ఎగిరెగిరి పడుతుంది. ఎగిరిన చక్రానికి పట్టు ఉండదు. సుమారు 960 కిలోల బండి, అంటే ఒక్కో చక్రం మీద 240 కిలోలే. అంత తేలిక బండికి మెత్తదనం విలాసం అనుకుంటే పొరపాటు, అది పట్టులో భాగం.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మీ కారుతో వచ్చిన ఏడు ఆకుల 14 అంగుళాల అల్లాయ్ చక్రం ఐదున్నర కిలోల దరిదాపు ఉంటుంది, ఈనాటికీ అంత తేలిక చక్రం దొరకడం అరుదు. 17 అంగుళాల మామూలు చక్రమైతే దానికి దాదాపు రెట్టింపు తూగుతుంది. పైగా బరువులో ఎక్కువ భాగం అంచున, కేంద్రానికి దూరంగా చేరుతుంది. స్ప్రింగు కింద ఉండే బరువు పెరిగేకొద్దీ సస్పెన్షన్ దాన్ని అదుపు చేయడానికి పెనుగులాడాలి. తిరిగే బరువు అంచుకు జరిగేకొద్దీ దాన్ని వేగం అందుకోనివ్వడానికీ, ఆపడానికీ ఇంజనూ బ్రేకులూ అదనంగా శ్రమించాలి. మీరు సైలెన్సరు మార్చి సంపాదించిన కొద్దిపాటి హుషారును ఈ చక్రాలు నిశ్శబ్దంగా తినేస్తాయి.

“మరి మాజ్డా వాళ్లే తర్వాతి తరాల్లో 17 అంగుళాలు ఇచ్చారు కదా” అని మీ మిత్రుడు అడగవచ్చు. ఇచ్చారు. అయితే ఆ కార్లలో వాడినది 205/45 ఆర్ 17. దాని వ్యాసం 616 మి.మీ., సైడ్‌వాల్ 92 మి.మీ. ఆ కార్ల చక్రాల గూళ్లను, సస్పెన్షన్‌ను అంత పెద్ద టైరును ఊహించుకునే గీశారు. 1989 నాటి డిజైన్ గూట్లో ఆ టైరు పట్టదు కాబట్టి, 17 అంగుళాలు వేయదలచిన వాళ్లు సైడ్‌వాల్‌ను కోసి 40 శాతానికి దించుకుంటున్నారు. తలకు తగ్గ టోపీ దొరకలేదని తలను చెక్కుకున్నట్లుగా ఉంది వ్యవహారం.

ఇక ఆఫ్‌సెట్. చక్రం హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు కొసకు) ఆనే తలం, రిమ్ము వెడల్పు మధ్యగీత నుంచి ఎంత బయటికి ఉందో ఈ అంకె చెబుతుంది. అంకె పెద్దదైతే చక్రం లోపలికి, చిన్నదైతే బయటికి జరుగుతుంది. మీ పాత చక్రం ఐదున్నర అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 45. అంటే హబ్బు తలం నుంచి రిమ్ము లోపలి అంచు దాదాపు 115 మి.మీ., బయటి అంచు దాదాపు 25 మి.మీ. దూరంలో ఉన్నాయి. మిత్రుని చక్రానికి అదే లెక్క వేస్తే లోపలికి 130, బయటికి 60 వస్తుంది. లోపల సస్పెన్షన్ వైపు 15 మి.మీ., బయట ఫెండర్ (చక్రం మీది రేకు) వైపు 35 మి.మీ. చోటు కొత్తగా కావాలి. ఏడంగుళాల వెడల్పు, 35 ఆఫ్‌సెట్ ఉన్న 15 అంగుళాల చక్రమైతే లోపలికి 9, బయటికి 29 చాలు. నేనైతే ఆరున్నర లేదా ఏడంగుళాల వెడల్పుతో, ఆఫ్‌సెట్ 30కీ 40కీ మధ్య ఉన్న చక్రం కోసం చూస్తాను. ఆఫ్‌సెట్ మరీ తగ్గించి చక్రాన్ని ఫెండర్ బయటికి తోస్తే చూడ్డానికి కండపట్టినట్లు ఉంటుంది గాని, టైరు నేలను తాకే చోటు స్టీరింగ్ ఇరుసు గీత నుంచి దూరం జరుగుతుంది. అప్పుడు రోడ్డు మీది ప్రతి గీతనూ స్టీరింగ్ మీ చేతికి చెబుతూ ఉంటుంది, చక్రాల బేరింగుల మీదా భారం పెరుగుతుంది.

పెద్ద బ్రేకులకు పెద్ద చక్రాలు తప్పవన్న మాట మీ విషయంలో నిలవదు. ఆ 255 మి.మీ. డిస్కులు వచ్చిన 1.8 లీటర్ల కారు కూడా 14 అంగుళాల చక్రాల మీదే నడిచింది. 15 అంగుళాల చక్రంలో వాటికి చోటుకు కొరత ఉండదు. అయినా కొనబోయే ముందు కాలిపర్ (డిస్కును పట్టి ఆపే బ్రేకు భాగం) ఆకారాన్ని ఒక అట్టముక్క మీద గీసి కత్తిరించి, చక్రం లోపల పెట్టి చూడండి. కొన్ని చక్రాల్లో వ్యాసానికి చోటున్నా, ఆకులు లోపలికి వంగి ఉండడం వల్ల కాలిపర్ ముఖం తగులుతుంది.

వెడల్పు గురించి ఒక్క మాట. వెడల్పు టైరు నేలను ఎక్కువ తాకుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తాకే వైశాల్యం ప్రధానంగా దాని మీది బరువును బట్టి, లోపలి గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. వెడల్పు పెంచితే వైశాల్యం కన్నా దాని ఆకారం ఎక్కువ మారుతుంది: పొడవు తగ్గి అడ్డంగా సాగుతుంది. మలుపులో దానివల్ల లాభం ఉన్న మాట వాస్తవమే. కానీ నిలిచిన నీటి మీద తేలిక బండికి అదే వెడల్పు శత్రువు, నీటిని చీల్చుకుని నేలను అందుకోలేక టైరు తేలిపోతుంది. మరీ వెడల్పైన స్పోర్ట్స్ టైరు తేలిక బండి కింద పని చేసే వేడికి చేరడానికే చాలాసేపు పడుతుంది. 10 మి.మీ. పెంచడం వివేకం, 40 పెంచడం ముచ్చట.

205/50 ఆర్ 15 కూడా చాలామంది వేస్తారు. స్పోర్ట్స్ టైర్ల రకాలు ఆ కొలతలో ఎక్కువ దొరుకుతాయి కాబట్టి దాన్ని కొట్టిపారేయను. వ్యాసం 586 మి.మీ., పాతదానికన్నా 8 మి.మీ. ఎక్కువ. 40 మి.మీ. దించిన బండిలో అది ముందు ఫెండర్ లోపలి ప్లాస్టిక్ పొరకు ఒరుసుకునే అవకాశం ఉంది. కాయిలోవర్లను 10 మి.మీ. పైకి ఎత్తడానికి మీకు అభ్యంతరం లేకపోతే అది కూడా మంచి కొలతే.

వ్యాసం పెరిగితే స్పీడోమీటర్ తప్పు చెబుతుంది. మీ కారులో ఆ ముల్లును తిప్పేది గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబులు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో దానికి తెలుసు గాని, ఒక్కో చుట్టులో ఎంత దూరం పోయిందో తెలియదు. 17 అంగుళాల జోడీతో ముల్లు 100 చూపించే చోట బండి పాత టైర్లతో పోయేదానికన్నా 3 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంది. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపించకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లోని 39వది చెబుతుంది. అందుకే కంపెనీలు ముల్లును కాస్త ఎక్కువ చూపించేలా అమరుస్తాయి. పెద్ద టైరు వేస్తే ఆ జాగ్రత్తను మీరు చేజేతులా తీసేసినట్లు అవుతుంది. 195/50 ఆర్ 15తో ఈ చిక్కే లేదు.

కొలత తర్వాత వచ్చే అంకె, అక్షరం కూడా చూసుకోండి. 82 అంటే ఒక టైరు 475 కిలోలు మోయగలదని అర్థం. హెచ్ అంటే గంటకు 210 కి.మీ., వి అంటే 240 కి.మీ. వరకు ఆ టైరు వేగానికి తట్టుకుంటుందని. పాత టైరు మీద 82 హెచ్ ఉంటే కొత్తది దానికి తగ్గకూడదు. 195/50 ఆర్ 15 సాధారణంగా 82 వి గానే వస్తుంది. అంతకు మించి అదనపు భారం మోసే గట్టి రకం టైర్లు మీ తేలిక బండికి అనవసరం.

చక్రాలు కొనేటప్పుడు నేను ఒకసారి చేసిన పొరపాటు మీరు చేయకండి. చాలా ఏళ్ల క్రితం నా పాత కారుకు బయటి కంపెనీ చక్రాలు బిగించాను. నట్ల కొలత సరిపోయింది, ఆఫ్‌సెట్ సరిపోయింది. గంటకు 90 కి.మీ. దాటగానే స్టీరింగ్ వణికేది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, తర్వాత టైర్లనే అనుమానించాను. చివరికి ఒక సాయంత్రం చక్రం విప్పి చూస్తే, దాని మధ్య రంధ్రం హబ్బు కన్నా వేలు దూరేంత పెద్దది. రకరకాల కార్లకు పనికి రావాలని బయటి చక్రాల మధ్య రంధ్రాన్ని పెద్దగా చేస్తారు. ఆ ఖాళీని పూడ్చే సన్నని రింగులు చక్రంతో పాటు కొనుక్కోవాలి, నేను కొనలేదు. చక్రం నట్ల మీద మాత్రమే ఆని, ప్రతిసారీ ఒక పిసరు పక్కకు కూర్చునేది. మీ కారు హబ్బు వ్యాసం 54.1 మి.మీ. చక్రం రంధ్రం కొలిచి, దానికీ దీనికీ మధ్య సరిపడే రింగులు తెచ్చుకోండి. నట్ల కూర్చునే చోటు ఆకారం కూడా, కోసుగా ఉందో గుండ్రంగా ఉందో, చక్రానికి తగినదై ఉండాలి.

అన్నీ తెచ్చుకున్నాక, రోడ్డెక్కే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఒక మూల స్ప్రింగు తీసేసి షాకాబ్జర్బరును మాత్రం తిరిగి బిగించండి. చక్రం తొడిగి, హబ్బు కింద జాకీ పెట్టి బంప్‌స్టాప్ (చక్రం ఇంకా పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేదాకా మెల్లగా ఎత్తండి. స్ప్రింగు లేదు కాబట్టి చక్రం సులువుగా పైకి పోతుంది. ఎత్తే ముందు ఫెండర్ లోపలి అంచుకు, ఇంకా అనుమానమున్న ప్రతి చోటా, పిల్లలు ఆడుకునే బంకమట్టిని బొటనవేలంత మందాన అంటించండి. పైకంటా ఎత్తి, స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, కిందికి దించి ఆ మట్టిని చూడండి. టైరు ఎక్కడ నొక్కిందో, ఎంత మందం మిగిలిందో వేలితో కొలిచినట్లు తెలుస్తుంది. 5 మి.మీ. కన్నా తక్కువ మిగిలిన చోట నేను నమ్మకం పెట్టుకోను, ఎందుకంటే నడిచే బండిలో రబ్బరు బుషులు నలిగి చక్రం ఇంకొంచెం జరుగుతుంది. ఈ పని స్ప్రింగులతో అలవాటున్న మెకానిక్ పక్కన ఉండగా చేయడం మంచిది.

గాలి ఒత్తిడికి ఈ కారు కంపెనీ చెప్పిన అంకె 26 పీఎస్ఐ. మోసే శక్తి సమానంగా ఉన్న 195/50 టైరుకు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. తర్వాత ట్రెడ్డుకు అడ్డంగా ఒక భుజం నుంచి మరో భుజం దాకా సుద్దముక్కతో మందంగా గీత గీసి, ఖాళీగా ఉన్న చదునైన చోట తిన్నగా కొద్ది మీటర్లు నడపండి. గీత మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. దించిన బండిలో చక్రాలు పై భాగం లోపలికి వాలి ఉంటాయి గనుక లోపలి అంచు కొంచెం ముందుగా చెరగడం సహజం. అది మరీ ఎక్కువగా ఉంటే గాలిని నిందించకుండా వీల్ అలైన్‌మెంట్ చేయించండి. క్యాంబర్ (చక్రం ఇలా పక్కకు వాలడం) కన్నా టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) తేడానే టైరును వేగంగా తినేస్తుందని గుర్తుంచుకోండి.

కొలత మార్చిన సంగతిని వాహన తనిఖీ అధికారులకు, బీమా కంపెనీకి తెలపాలా అన్నది ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది. టైర్లు కొనకముందే అడిగి తెలుసుకోవడం మేలు.

ప్రశ్న: నాది 1972 నాటి ఎమ్‌జీబీ. ఆకుల చక్రాలు, అంటే సన్నని తీగలు అల్లిన రకం. టైరు మీద 165 ఎస్‌ఆర్ 14 అని మాత్రమే ఉంది, శాతం అంకె లేదు. 175/70 వేయవచ్చునని ఒకరు, 185/70 వేయాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: రెండో వారి మాట. శాతం రాయని పాత రేడియల్ టైరుకు సైడ్‌వాల్ వెడల్పులో సుమారు 82 శాతం అని లెక్కపెట్టుకోవాలి. ఆ కాలంలో దాదాపు అన్ని రేడియల్ టైర్లూ అదే నిష్పత్తిలో ఉండడం వల్ల ప్రత్యేకంగా రాయాలన్న ఆలోచనే రాలేదు. అలా చూస్తే మీ టైరు వ్యాసం సుమారు 626 మి.మీ. 185/70 ఆర్ 14 అయితే 615, రెండు శాతం లోపు తేడా. 175/70 ఆర్ 14 అయితే 601, నాలుగు శాతం చిన్నది. దాంతో ఇంజన్ అదే వేగానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తుంది, అసలే నేలకు దగ్గరగా ఉన్న సైలెన్సరు ఇంకో సెంటీమీటరు కిందికి దిగుతుంది.

మీ కారులో చూసుకోవాల్సిన చోటు వెనక భాగం. వెనక ఇరుసు పట్టీ స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది, అది బండికి సరిగ్గా నడుమ ఉండడం ఈ కార్లలో అరుదు. ఒక పక్క వేలు దూరేంత ఖాళీ ఉంటే రెండో పక్క అందులో సగమే ఉండవచ్చు. 185 వేశాక ఒక్క వెనక చక్రమే, అదీ మలుపులో, ఫెండరుకు ఒరుసుకుంటే టైరును తప్పు పట్టకండి, ముందు రెండు పక్కలా ఖాళీ కొలిచి చూడండి. ఆకుల చక్రాల్లో తీగలు రిమ్మును చీల్చుకుని వస్తాయి గనుక టైరు మీద ట్యూబ్‌లెస్ అని ఉన్నా లోపల ట్యూబు వేయాల్సిందే. ఆ తీగల మొనలు ట్యూబును గుచ్చకుండా రబ్బరు పట్టీ కొత్తది చుట్టించండి. పాత పట్టీని మళ్లీ వాడితే ఎండి చిట్లిన అంచే ట్యూబును కోస్తుంది.

ప్రశ్న: మొదటి తరం ఎమ్‌ఎక్స్-5కు వెనక 225, ముందు 195 వేస్తే వెనక పట్టు పెరుగుతుందా? ఎన్నో పేరున్న స్పోర్ట్స్ కార్లలో వెనక టైర్లు వెడల్పుగా ఉంటాయి కదా?

జవాబు: పోర్షె 911లో వెనక టైర్లు వెడల్పుగా ఉంటాయి, ఎందుకంటే ఆ కారు ఇంజన్ వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంటుంది. బరువు ఎక్కడ ఉంటే టైరు అక్కడ పెద్దది కావాలి. మీ కారులో బరువు ముందూ వెనకా ఇంచుమించు సమానంగా పంచుకుని ఉంది, దాని నడతలోని మాధుర్యమంతా అక్కడి నుంచే వచ్చింది. వెనక పట్టు మాత్రమే పెంచితే మలుపులో ముందు చక్రాలు ముందుగా చేతులెత్తేస్తాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా జారుకుంటుంది. ఇంజను బలం బాగా పెంచి, యాక్సిలరేటర్ తొక్కితే చాలు వెనక చక్రాలు తిరిగిపోతున్నాయన్న స్థితికి వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. అంతదాకా నాలుగూ ఒకే కొలత ఉంచండి, టైర్లను ముందుకూ వెనక్కూ మార్చుకునే సౌకర్యమూ మిగులుతుంది.

వెనక ఇరుసులో విస్కస్ రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా చిక్కటి ద్రవం సాయంతో ఆపే అమరిక) ఉంటే మరో జాగ్రత్త కావాలి: ఎడమ, కుడి టైర్ల అరుగుదల ఒకేలా ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి సగం అరిగినదైతే రెండు చక్రాలు తిన్నటి రోడ్డు మీద కూడా వేర్వేరు చుట్లు తిరుగుతూ ఉంటాయి, లోపలి ద్రవం నిరంతరం మథనపడి వేడెక్కుతుంది. పంక్చరైన టైరు బదులు కొత్తది కొనాల్సి వస్తే వెనక జత కలిపి కొనండి.

ప్రశ్న: నా పాత కారు కొలత ఇప్పుడు తయారు కావడం లేదు. ఒకరి దగ్గర ఆ కొలతే, ఒక్క కిలోమీటరు కూడా నడవని టైర్లు నాలుగు ఉన్నాయి. కొలత మార్చే బాధ తప్పుతుంది కదా అని తీసుకోవాలనుకుంటున్నాను. సరేనా?

జవాబు: ముందు సైడ్‌వాల్ మీద కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఉన్న చివరి నాలుగంకెలు చదవండి. 2309 అని ఉంటే 2009లో 23వ వారంలో తయారైందని. మూడే అంకెలు ఉంటే ఆ టైరు 2000 సంవత్సరానికి ముందుది, దాని గురించి ఇక ఆలోచించాల్సింది లేదు. నడవకపోయినా రబ్బరు గాలిలోని ఆమ్లజనితో కలిసి గట్టిపడుతూనే ఉంటుంది. ట్రెడ్డు కొత్తదానిలా నల్లగా మెరుస్తున్నా, గోరుతో గట్టిగా నొక్కినప్పుడు లొంగకపోతే తడి రోడ్డు మీద అది సబ్బుబిళ్లే. బయట పగుళ్లు కనిపించకుండా లోపలి పొరలు విడిపోవడం కూడా ఉంటుంది, అది వేగంలో ఉండగా బయటపడుతుంది. పదేళ్లు దాటిన టైరును, ఎంత కొత్తగా కనిపించినా, నేను ఏ బండికీ ఎక్కించను. ప్రదర్శనలో నిలబెట్టడానికైతే తీసుకోండి. నడపడానికైతే అసలు టైరు వ్యాసం కొలిచి, ఆ వ్యాసానికి రెండు శాతం లోపల వచ్చే నేటి కొలతల జాబితా రాసుకుని, మీ రిమ్ము వెడల్పుతో సహా మాకు పంపండి.